కనిగిరి అని వెతికితే రాలేదు, నెల్లూరు అంటే వచ్చింది: ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీ కేస్ స్టడీ

మాది ప్రకాశం జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. పిల్లల్లో ఎక్కువమంది బస్సు పాసు మీద పల్లెల నుంచి వచ్చిపోయేవాళ్లు. కొందరివి పొగాకు, కంది వేసే ఇళ్లు. కొందరి తండ్రులు చీమకుర్తి క్వారీల్లో పని చేస్తారు. సముద్రం వైపు నుంచి వచ్చేవాళ్లలో రొయ్యల చెరువులున్నవాళ్లూ ఉంటారు, ఆ చెరువుల మీద కూలికి పోయేవాళ్ల పిల్లలూ ఉంటారు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లిష్ మీడియంలో పడ్డవాళ్లు చాలామంది. లైబ్రరీలో లైబ్రేరియన్‌ని నేను, ఒక అటెండర్, నాలుగు కంప్యూటర్లు. వాటిలో ఒకటి ఇష్యూ కౌంటర్‌కే సరిపోతుంది.

2023 నుంచి 2025 దాకా ఎలక్ట్రానిక్ డేటాబేస్‌లను, అంటే జర్నల్స్, పరిశోధన పేపర్లు ఆన్‌లైన్‌లో వెతుక్కునే చోట్లను, మా పాఠకుల చేత వాడించడానికి ఏం చేశామో, ఏది పని చేసిందో, ఏది ఇంకా చేయలేకపోతున్నామో ఇక్కడ రాస్తున్నాను. పాఠకుల పేర్లు, ఊళ్ల పేర్లు కావాలనే వదిలేశాను.

ఉన్నవీ, వాడనివీ

గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం కాలేజీలకు ఆన్‌లైన్ జర్నల్స్ అందించడానికి నడిపే ఎన్-లిస్ట్‌లో మా కాలేజీకి ముందు నుంచీ సభ్యత్వం ఉంది. మేం కడుతూ వచ్చింది ఏడాదికి 5 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఆ డబ్బుకు 6 వేలకు పైగా జర్నల్స్, లక్షకు మించిన ఈ-బుక్స్ వచ్చేవి. ఒక మంచి విదేశీ జర్నల్ కాగితం మీద తెప్పించుకోవాలంటే ఈ మొత్తం ఒక మూలకు కూడా రాదు. దీనికి తోడు 2024 నవంబర్ 25న కేంద్ర క్యాబినెట్ వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు 6 వేల కోట్లు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13 వేల జర్నల్స్. ప్రభుత్వ కాలేజీలకు 2025 జనవరి 1 నుంచి ఆ తలుపు కూడా తెరుచుకుంది. ఇవి కాక అసలు డబ్బే అక్కర్లేనివి ఉన్నాయి: ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ, పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల శోధ్‌గంగ, వైద్యానికి పబ్‌మెడ్, ఓపెన్ జర్నల్స్‌కు డీఓఏజే.

కాబట్టి మా దగ్గర కొరత డేటాబేస్‌లది కాదు. వాడేవాళ్లది. కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే న్యాక్ బృందం వచ్చే ముందు నెలలో లాగిన్లు పెరిగేవి, వాళ్లు వెళ్లిపోయాక మళ్లీ మామూలే. ఈ మాట బయటికి అనరు గానీ, మాలాంటి కాలేజీల లైబ్రేరియన్లు కలిసినప్పుడు టీ దగ్గర నవ్వుకుంటూ చెప్పుకునేది ఇదే.

అన్నిచోట్లా ఉన్న పద్ధతి ఒకటే. కొత్త బ్యాచ్ చేరాక సెమినార్ హాల్లో ఓరియెంటేషన్, పీపీటీలో స్క్రీన్‌షాట్లు, ఇక్కడ నొక్కితే ఇది వస్తుంది, అక్కడ నొక్కితే అది వస్తుంది, చివర ఒక గ్రూప్ ఫొటో. చెరువు ఒడ్డున కూర్చోబెట్టి ఈత మీద ఉపన్యాసం ఇచ్చినట్టు ఉంటుంది. ఆ రోజు ఎవరికీ వెతకాల్సిన ప్రశ్న ఉండదు. ప్రశ్న పుట్టేది ఆరేడు నెలల తర్వాత, ప్రాజెక్ట్ రిపోర్ట్ ఇవ్వాల్సిన వారంలో. అప్పటికి యూజర్ ఐడీ ఏదో కూడా గుర్తుండదు.

అందుకని ఓరియెంటేషన్‌ను పది నిమిషాల పలకరింపుకు తగ్గించి, మిగతా శ్రమంతా ప్రశ్న పుట్టే సమయానికి మార్చాం. మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలు మొదటి ఏడాది తర్వాత వేసవిలో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ చేయాలి. ఏదో ఒక పల్లెకు పోయి సర్వే చేసి రిపోర్ట్ రాయాలి. అందరూ దాన్ని సీఎస్పీ అంటారు. చాలా రిపోర్టులు నెట్ సెంటర్‌లో పుడతాయి, అక్కడే బైండింగ్ అవుతాయి, చదివే నాథుడు ఉండడు. నాకు మాత్రం అది మంచి అవకాశంగా కనిపించింది. ఎందుకంటే ఆ ప్రశ్న పిల్లల సొంత ఊరి గురించి.

మొదటి అడ్డు: లాగిన్

దీని గురించి ఎక్కువ రాయను. ఎన్-లిస్ట్ ఐడీలు కాలేజీ అడ్మిన్ ఎక్సెల్ షీట్‌తో ఒకేసారి సృష్టిస్తారు, పాస్‌వర్డ్ పిల్లల మెయిల్‌కు పోతుంది. పిల్లలిచ్చిన మెయిళ్లలో కొన్ని అన్నయ్యవి, కొన్ని అడ్మిషన్ ఫారం నింపిన నెట్ సెంటర్ వాళ్లవి, కొన్నిటిలో జీమెయిల్ స్పెల్లింగే తప్పు. సరైన వాటికి వెళ్లిన మెయిల్ స్పామ్‌లో పడి ఉంటుంది. ఇప్పుడు సీఎస్పీ సెలవులకు ముందు ఒక్కో సెక్షన్‌ను లైబ్రరీకి పిలిపించి, ఎవరి ఫోన్‌లో వాళ్ల చేతే ఒకసారి లాగిన్ చేయించి, బుక్‌మార్క్ పెట్టించి పంపుతున్నాం. లాగిన్ కానివాళ్ల పేరు అటెండర్ రాసుకుంటాడు, నేను ఆ సాయంత్రం సరిచేస్తాను. ఈ పని ఎవరికి అప్పగించినా అవుతుంది. తర్వాతిది అలా కాదు.

కనిగిరి నీళ్లు

బీఎస్సీ చదివే ఒక అమ్మాయి. ఊరు కనిగిరి వైపు. సీఎస్పీకి వాళ్ల లెక్చరర్ ఇచ్చిన టాపిక్ తాగునీటి వనరులు, ప్రజల అవగాహన. ఆ అమ్మాయి కౌంటర్ దగ్గరకొచ్చి అడిగింది.

"మేడమ్, మా ఊరి నీళ్ల మీద ఏదన్నా బుక్కుందా?"

"నీళ్ల మీద అంటే ఏమ్మా?"

"ఫ్లోరైడ్ మేడమ్. మా తాతకి నడుం వంగదు. మా బజార్లో పిల్లలందరికీ గార పళ్లే."

ఎన్-లిస్ట్‌లో చూశావా అని అడిగితే ఫోన్ తీసి చూపించింది. సెర్చ్ పెట్టెలో ఇంగ్లిష్‌లో కనిగిరి వాటర్ ప్రాబ్లమ్ ప్రాజెక్ట్ అని కొట్టింది. ఏమీ రాలేదు. గూగుల్‌లో కొడితే నల్గొండ వార్తలు వచ్చాయి. "మా ఊరి మీద ఎవరూ రాయలేదంట మేడమ్" అంది. లైబ్రరీలో నేను తరచూ వినే మాట ఇది. చాలాసార్లు నిజం కాదు.

ఇక్కడ ఇంటర్‌ఫేస్ నేర్పడం మొదలుపెడితే ఆ అమ్మాయి వెళ్లిపోయేది. ఒక తెల్ల కాగితం తీసుకుని నిలువుగా గీతలు గీశాను. మొదటి గడిలో ఏం జబ్బు, రెండో గడిలో అది దేని వల్ల, మూడో గడిలో ఏ చోటు. ఆ అమ్మాయి చెప్పిన మాటలే రాశాం: నడుం వంగకపోవడం, గార పళ్లు, నీళ్లు, కనిగిరి. తర్వాత ప్రతి మాట కింద డాక్టర్లు, భూగర్భ జలాలవాళ్లు ఏమంటారో రాశాం. గార పళ్లకు డెంటల్ ఫ్లోరోసిస్, నడుం పట్టేయడానికి స్కెలిటల్ ఫ్లోరోసిస్, బోరు నీళ్లకు గ్రౌండ్‌వాటర్. పబ్‌మెడ్‌లో చాలా పేపర్లకు విషయ సూచికగా ముందే నిర్ణయించిన పదాలు తగిలిస్తారు. అందులో పళ్ల గారకు ఫ్లోరోసిస్, డెంటల్ అని విడిగా ఒక శీర్షిక ఉంది. ఆ పదం పట్టుకుంటే రచయిత తన పేపర్లో ఏ మాట వాడినా దొరుకుతుంది.

ఒకే గడిలోని మాటల మధ్య ఆర్, అంటే ఏదో ఒకటి ఉన్నా చాలు. గడికీ గడికీ మధ్య ఆండ్, అంటే అన్నీ ఉండాలి. మేం నేర్పే సెర్చ్ సూత్రం అంతా ఇంతే. ట్రంకేషన్, ప్రాక్సిమిటీ లాంటి పై చిట్కాలు మొదటి రోజు చెప్పను.

చోటు దగ్గర చిక్కు వచ్చింది. కనిగిరి అంటే దాదాపు ఏమీ లేదు. ప్రకాశం అంటే ఈమధ్య సంవత్సరాల భూగర్భ జల పరీక్షల పేపర్లు వచ్చాయి. అప్పుడు మూడో గడిలో నెల్లూరు అని రాయమన్నాను.

"నెల్లూరు మనకెందుకు మేడమ్?"

ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970 ఫిబ్రవరి 2న, ఒంగోలు జిల్లాగా. 1972లో ప్రకాశం అని పేరు మార్చారు. కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు తాలూకాలు నెల్లూరు నుంచి వచ్చాయి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి, ఒంగోలు, అద్దంకి గుంటూరు నుంచి వచ్చాయి. కాబట్టి 1970కి ముందు ఈ ప్రాంతం మీద ఎవరేం రాసినా అందులో ప్రకాశం అనే మాట ఉండదు. నెల్లూరు అనో, ఇంకా వెనక్కి పోతే మద్రాస్ ప్రెసిడెన్సీ అనో ఉంటుంది.

నెల్లూరు అని మార్చి కొట్టగానే పూర్తి పేపర్లు ఉచితంగా ఉంచే పబ్‌మెడ్ సెంట్రల్‌లో 1937 నాటి ఇండియన్ మెడికల్ గెజిట్ వ్యాసం తెరుచుకుంది. శీర్షికలోనే దక్షిణ భారతంలోని నెల్లూరు జిల్లాలో ఎండెమిక్ ఫ్లోరోసిస్ అని ఉంది. మన దేశంలో ఈ జబ్బు మీద వచ్చిన తొలి పరిశోధనల్లో అదొకటి. ఆ పత్రిక పాత సంచికలు స్కాన్ చేసి అందులో ఉచితంగా పెట్టారు, దానికి లాగిన్ కూడా అక్కర్లేదు. ఎవరూ రాయలేదనుకున్న సంగతి మీద ఆ అమ్మాయి తాత పుట్టకముందే రాశారు.

ఆ తర్వాత అసలు పని మొదలైంది. ఇంగ్లిష్‌లో పేపర్ చదవడం. మొత్తం చదవనివ్వను. ముందు శీర్షిక, తర్వాత సారాంశంలో చివరి రెండు వాక్యాలు, ఆ తర్వాత పట్టికలు. అంకెలకు తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం తేడా ఉండదు. లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు అన్న నిలువు వరుస దొరికితే చాలు. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ తాగునీటి ప్రమాణంలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఆమోదయోగ్యం, వేరే వనరు లేకపోతే 1.5 దాకా అనుమతిస్తారు. తన ఊరి నీళ్లకు గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ఆర్‌డబ్ల్యూఎస్ ల్యాబ్ ఇచ్చిన చీటీ ఆ అమ్మాయి సర్పంచ్ దగ్గర నుంచి తెచ్చుకుంది. దాన్ని పేపర్లలోని పట్టికల పక్కన పెట్టి చూసుకుంది. రిపోర్ట్‌లో ఆ పోలిక ఒక్క పేరానే, మిగతాదంతా మామూలు సీఎస్పీ రిపోర్టే. నాకు ఆ పేరా చాలు.

ఒక చిన్న సంగతి, కానీ పల్లె పిల్లల విషయంలో పెద్దదే. రెండు కాలమ్‌ల పీడీఎఫ్‌ను ఫోన్‌లో చదవడం నరకం. అటూ ఇటూ జరుపుకోలేక విసుగొచ్చి మానేస్తారు. ఫుల్ టెక్స్ట్ వెబ్ పేజీగా ఉంటే అదే తెరవమని చెప్తాం. ఫోన్ తెరకు సరిపోయేలా సర్దుకుంటుంది, డేటా కూడా తక్కువ ఖర్చవుతుంది. పాత స్కాన్‌లకు ఈ వసతి లేదు. వాటిని లైబ్రరీ కంప్యూటర్‌లోనే చూడాలి.

కౌంటర్ మీద లాంగ్ నోట్‌బుక్

ఫ్లోరైడ్ కాగితం పారేయకుండా ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఎక్కించాను. అప్పటి నుంచి డేటాబేస్ పని మీద ఎవరొచ్చినా వాళ్ల మాట, దానికి దొరికిన సెర్చ్ మాట అందులో రాస్తున్నాం. నాలుగు వరుసలు: మనవాళ్లు అనే మాట, వ్యాపారంలో అనే మాట, శాస్త్రంలో మాట, పాత పేర్లూ స్పెల్లింగులూ. మా పనిలో నిజంగా ఫలితమిచ్చింది ఏది అని ఎవరైనా అడిగితే నేను ఈ నోట్‌బుక్‌నే చూపిస్తాను. డేటాబేస్‌లు దేశమంతటికీ ఒకటే. ఈ నోట్‌బుక్ మాత్రం ఇక్కడివాళ్లు రాసుకోవాల్సిందే, ఏ ప్రచురణకర్తా మన కోసం రాసివ్వడు.

చీమకుర్తి రాయి సంగతి చూడండి. మార్కెట్లో దాని పేరు గెలాక్సీ గ్రానైట్. అలా వెతికితే కిచెన్ ప్లాట్‌ఫారం అమ్మేవాళ్లే వస్తారు. శిలాశాస్త్రం లెక్కన అది గ్రానైటే కాదు, గాబ్రోనోరైట్. అందులో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. గాబ్రో, చీమకుర్తి అని కలిపి కొడితే జియాలజీ పేపర్లు వరసగా వచ్చాయి. అదీ చీమకుర్తికి ఇంగ్లిష్‌లో హెచ్ ఉన్న స్పెల్లింగ్, లేని స్పెల్లింగ్ రెండూ ఇస్తేనే. క్వారీలో డ్రిల్లర్ కొడుకు ఒకడు ఇది చూసి, వాళ్ల నాన్నకు ఫోన్ చేసి "మనం తవ్వేది గ్రానైట్ కాదంట" అని చెప్పాడు. అవతల నుంచి వాళ్ల నాన్న ఏమన్నాడో రాయలేను.

ఒంగోలు ఎడ్ల మీద సెమినార్ పేపర్ రాయాల్సిన కుర్రాడికి ఒంగోలు అంటే కొన్నే వచ్చాయి. మన పశువులు బ్రెజిల్ చేరి అక్కడ నెలోరె అయ్యాయి. నెల్లూరు ఇంగ్లిష్ స్పెల్లింగులో ఒక ఎల్ తీసేసి కొట్టగానే బ్రెజిల్ పరిశోధన ఒక సముద్రంలా వచ్చిపడింది. వాడికి ఇప్పుడు తగ్గించుకోవడం నేర్పాల్సి వచ్చింది. ఎల్ రెండూ ఉంచితే మళ్లీ నెల్లూరు గొర్రెలు వస్తాయి. గొర్రెల మీద పని చేసేవాళ్లకు అదే కావాలి కాబట్టి జోడిపి, పల్లా, బ్రౌన్ అనే రకాల పేర్లు కూడా ఆ వరుసలోనే రాశాం.

పొదలకూరు, గూడూరు వైపు నిమ్మ తోటల గురించి అడిగినవాళ్లు అందరూ లెమన్ అనే కొడతారు. మన నిమ్మ ఇంగ్లిష్ పేపర్లలో యాసిడ్ లైమ్. లెమన్ వేరే చెట్టు. బ్యారన్ పొగాకు కావాలంటే ఫ్లూ క్యూర్డ్. ఎర్రచందనానికి రెడ్ సాండర్స్, దాంతో పాటు టెరోకార్పస్ శాంటలైనస్.

నోట్‌బుక్ పెరిగాక దాన్ని కౌంటర్ నుంచి రాక్‌ల దగ్గరకు తీసుకెళ్లాం. పాతకాలం లైబ్రరీల్లో పెద్ద సైజు పుస్తకం వేరే చోట ఉంటే, దాని స్థానంలో డమ్మీ అని ఒక చెక్క ముక్క పెట్టేవాళ్లు. అదే పని చేశాం. 553 దగ్గర, అంటే ఖనిజాల పుస్తకాల వరుసలో, ఒక డమ్మీ. దాని మీద ఆ విషయానికి పనికొచ్చే రెండు డేటాబేస్‌ల పేర్లు, నోట్‌బుక్‌లోని సెర్చ్ మాటలు, ఒక క్యూఆర్ కోడ్. 639లో ఆక్వాకల్చర్‌కు ఒకటి, 634లో నిమ్మ, మామిడి పక్కన ఒకటి. అటెండర్ వడ్రంగి పని తెలిసినవాడు కాబట్టి ఖర్చు కాలేదు. నోటీస్ బోర్డు పోస్టర్ ఎవరూ చూడరు, ఎందుకంటే అక్కడికి ఎవరూ రాయి గురించి ఆలోచిస్తూ రారు. 553 దగ్గర నిలబడ్డవాడు మాత్రం రాయి గురించే ఆలోచిస్తుంటాడు.

చెరువు రైతు

మా విద్యార్థి తండ్రి ఒకాయన కొడుకుతో పాటు వచ్చాడు. ఉలవపాడు అవతల చెరువులు లీజుకు తీసుకుని వెనామీ రొయ్య వేస్తాడు.

"కౌంట్ రావట్లేదు మేడమ్. మేత తింటన్నయి, సైజు పెరగట్లా. ఈహెచ్‌పీ అంటన్నారు. మందుల షాపాయన ఒకటి చెప్తాడు, టెక్నీషియన్ ఇంకోటి చెప్తాడు. మావాడు మీ దగ్గర అన్నీ ఉంటయ్యన్నాడు."

ఇక్కడ రెండు విషయాలు తేల్చుకోవాల్సి వచ్చింది. ఎన్-లిస్ట్ లైసెన్స్ కాలేజీ విద్యార్థులకు, అధ్యాపకులకు మాత్రమే. బయటివాళ్లకు ఐడీ ఇవ్వకూడదు, కొడుకు ఐడీతో తండ్రి వాడటాన్ని కూడా నేను ప్రోత్సహించలేను. ఇది చిన్న విషయమని వదిలేసే లైబ్రేరియన్లు ఉన్నారు. వదిలేయాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకంటే రొయ్యల జబ్బుల మీద మంచి పేపర్లు చాలా ఓపెన్‌గానే ఉన్నాయి. పబ్‌మెడ్ సెంట్రల్, డీఓఏజే, కొచ్చిలోని సీఎంఎఫ్‌ఆర్‌ఐ రిపాజిటరీ చాలు. రెండోది, నేను ఆక్వా డాక్టర్ని కాను. కాగితం చూపిస్తాను, మందు చెప్పను.

వెతుకులాటలో పేర్ల గొడవ ఇక్కడ ఇంకా ఎక్కువ. వెనామీకి కొందరు పీనియస్ అని రాస్తారు, 1997 తర్వాత చాలామంది లిటోపీనియస్ అని రాశారు, ఇప్పటికీ రెండూ నడుస్తున్నాయి. ఈహెచ్‌పీ అంటే రొయ్యకు పట్టే ఒక సూక్ష్మ పరాన్నజీవి, దాన్ని 2009లో థాయ్‌లాండ్‌లో ఎంటెరోసైటోజూన్ హెపటోపీనై అని వర్ణించారు. ఈమధ్య దాని మొదటి మాట మార్చి ఎసైటోన్యూక్లియోస్పోరా అంటున్నారు. పాత పేరుతో మాత్రమే వెతికేవాడికి కొత్త పేపర్లు కొన్ని తప్పిపోతాయి. అదృష్టం ఏమిటంటే ఈహెచ్‌పీ అన్న పొట్టి పేరు మారలేదు. దాని వర్గం పేరు మైక్రోస్పోరిడియన్ అని చేర్చి వెతికితే రెండూ పడతాయి.

దొరికినవాటిలో నేను, ఆయన కొడుకు కలిసి మూడు పేపర్ల సారాంశాలు తెలుగులో చెప్పాం. ఒకదానిలో చెరువు ఎండబెట్టి అడుగు నేల మీద హెక్టారుకు 6 టన్నుల కాల్చిన సున్నం వేయడం, నేల పీహెచ్ 12 దాకా తేవడం గురించి ఉంది. సీడ్ వేసే ముందు జబ్బు ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్ష మాట అన్నిటిలోనూ ఉంది. జబ్బు వచ్చాక నయం చేసే మందు ఉందని ఏదీ చెప్పలేదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "అంటే షాపాయన అమ్మేది?" అన్నాడు. ఆ ప్రశ్నకు నేను జవాబివ్వలేదు. ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలోనో, మత్స్యశాఖ వాళ్లనో అడగమని ఆ పేపర్లు ప్రింట్ తీసిచ్చాను.

ఆయన వచ్చివెళ్లాక ఊళ్లో మాట పాకింది. చెరువుల మనుషులు ఒకరిద్దరు అప్పుడప్పుడూ వస్తూనే ఉన్నారు. డిగ్రీ కాలేజీ లైబ్రరీకి ఇది పని కాదనే లెక్చరర్లు ఉన్నారు. వాళ్లు చెప్పేదాంట్లో న్యాయముంది, మాకు మనుషుల్లేరు. అయినా మధ్యాహ్నం మూడు తర్వాత వచ్చేవాళ్లను నేను కాదనడం లేదు.

దూబగుంట దగ్గర ఆగిపోయింది

హిస్టరీ స్పెషల్ చదివే ఒక విద్యార్థిని సారా వ్యతిరేక ఉద్యమం మీద రాయాలనుకుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షర దీపం అనే వయోజన విద్య తరగతుల నుంచి మొదలై రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధానికి దారితీసిన ఉద్యమం. ఈపీడబ్ల్యూలో, అంటే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో, ఆ రోజుల్లోనే దీని మీద వ్యాసాలు వచ్చాయి, ఎన్-లిస్ట్ నుంచి ఆ పత్రిక తెరుచుకుంది. కానీ సారా అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే రాదు. యాంటీ అరాక్, యాంటీ లిక్కర్, ప్రొహిబిషన్. ఊరి పేరు కొందరు యూతో రాస్తే కొందరు డబుల్ ఓతో రాశారు, చాలామంది శీర్షికలో ఊరి పేరే పెట్టలేదు. ఇదంతా నోట్‌బుక్ పద్ధతిలో దొరికింది.

దొరకనిది తెలుగు. ఆ ఉద్యమం నడిచింది తెలుగు పత్రికల్లో, తెలుగు పాటల్లో, తెలుగు కరపత్రాల్లో. మన దినపత్రికల పాత సంచికల్లో ఫలానా రోజు ఫలానా సంగతి వచ్చిందని చెప్పే సూచిక ఒక్కటి కూడా మా పిల్లలకు అందుబాటులో లేదు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి గానీ, వాటి శీర్షికలు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టినవి. ఒకే పుస్తకం రెండు మూడు స్పెల్లింగుల్లో ఉంటుంది. అక్కడ చేయగలిగింది ఒక్కటే, అన్ని రకాలుగానూ కొట్టి చూడటం. మరీ పాత తెలుగు పత్రికలు కావాల్సిన వాళ్లను వేటపాలెం పంపిస్తాను. అక్కడ 1918లో మొదలైన సారస్వత నికేతనం లైబ్రరీ 2022 దాకా మన జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు బాపట్లలోకి పోయింది. బస్సుకు గంటన్నర. డేటాబేస్ పాఠంలో బస్సు టైమ్ చెప్పడం వింతగా ఉంటుంది గానీ, ఎక్కడ వెతకడం ఆపేసి బయల్దేరాలో చెప్పడం కూడా లైబ్రేరియన్ పనే.

మిగతావాళ్లు

మా రీడింగ్ హాల్లో రోజంతా కూర్చునేవాళ్లలో సగానికి పైగా గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు పరీక్షల వాళ్లు. వాళ్లకు జర్నల్స్ అక్కర్లేదు, అంటగట్టే ప్రయత్నమూ చేయలేదు. వాళ్లకు కావాల్సింది సీటు, ఫ్యాన్, పేపరు. ఆ తర్వాత జనాభా లెక్కల పట్టికలు, బడ్జెట్ పత్రాలు, చట్టాల అసలు పాఠం. ఆ లింకులు ఒక పేజీ చేసి టేబుల్ అద్దం కింద పెట్టాం, అంతే.

లెక్చరర్ల సంగతి వేరు. నిజంగా మార్పు తెచ్చింది వాళ్లే. సీఎస్పీ టాపిక్ ఇచ్చేటప్పుడే రిపోర్ట్ వెనక నోట్‌బుక్ కాగితం ఒకటి, అంటే ఏ మాటలతో ఎక్కడ వెతికానో రాసిన కాగితం, జత చేయాలని జువాలజీ, ఎకనామిక్స్ మేడమ్‌లు నియమం పెట్టారు. దానికి మార్కులు లేవు, కానీ అది జత చేయకపోతే రిపోర్ట్ తీసుకోరు. ఆ రెండు డిపార్ట్‌మెంట్ల పిల్లలే లైబ్రరీకి ఎక్కువ వచ్చారు. నియమం పెట్టని డిపార్ట్‌మెంట్ల నుంచి ఆసక్తి ఉన్నవాళ్లు మాత్రమే వచ్చారు. ట్రాన్స్‌ఫర్లు అయ్యి ఎకనామిక్స్ మేడమ్ వెళ్లిపోయాక ఆ డిపార్ట్‌మెంట్‌లో నియమం కూడా వెళ్లిపోయింది. మనుషుల మీద నిలబడిన పద్ధతికి ఉన్న బలహీనత అది, దానికి నా దగ్గర ఇంకా మందు లేదు.

వాడకం లెక్కలు ఎన్-లిస్ట్ అడ్మిన్ పేజీలో కనిపిస్తాయి. లాగిన్లు పెరిగాయి. కానీ ఆ అంకెను నేను పెద్దగా నమ్మను. ఒకసారి లాగిన్ చేయించి పంపిన సెక్షన్ మొత్తం అందులో లెక్కే. రిపోర్టుల వెనక వచ్చిన కాగితాలను చూస్తే నిజం తెలుస్తుంది. కొన్ని ఒకదాన్ని చూసి ఇంకొకటి దించినవి, వాటిలో తప్పులు కూడా ఒకేచోట ఉంటాయి. కొన్నిటిలో మాత్రం నేను చెప్పని మాటలు ఉంటాయి. అలాంటివి కనిపిస్తే ఆ పిల్లల పేరుతోనే నోట్‌బుక్‌లో ఎక్కిస్తున్నాను.

ఇంకొక సంగతి మొదట్లో ఎవరికీ తట్టదు. డిగ్రీ అయిపోయి బయటికి పోయిన రోజు నుంచి పిల్లలకు కాలేజీ ఇచ్చిన ఐడీ పని చేయదు. మూడేళ్లు అలవాటు చేసి ఒక్కసారిగా తలుపు మూసేస్తాం. అందుకని చివరి సెమిస్టర్ పిల్లలతో ఎన్-లిస్ట్ వాడించడం తగ్గించి, అదే ప్రశ్నను పబ్‌మెడ్ సెంట్రల్, డీఓఏజే, శోధ్‌గంగ, నేషనల్ డిజిటల్ లైబ్రరీలో వెతికిస్తున్నాం. తాళం పడ్డ పేపర్‌కు ఎక్కడైనా ఉచిత కాపీ ఉంటే చూపించే అన్‌పేవాల్‌ను బ్రౌజర్‌లో పెట్టిస్తున్నాం. నోట్‌బుక్‌లో వాళ్లకు కావాల్సిన పేజీలను ఫోన్‌తో ఫొటో తీసుకుపోమంటున్నాం. ఈ ఏడాది చివరి సంవత్సరం వాళ్లలో కొందరు నోట్‌బుక్ మొత్తాన్ని ఎక్సెల్‌లో కొట్టి పెడతామన్నారు. పొగాకు, నిమ్మ అయిపోయాయి. రొయ్యల దగ్గర ఆగారు, పేర్లు మళ్లీ సరిచూడాలట.